స్టాండప్ జెట్‌స్కీ మీద బ్యారెల్ రోల్ ఎలా వేయాలి? గోదావరి పాయల్లో నేర్చుకునేవారికి

స్టాండప్ జెట్‌స్కీ (నీటి మీద నిలబడి నడిపే మోటారు బండి) మీద ఉండి, బండితో సహా పక్కకు ఒక పూర్తి పల్టీ కొట్టి, మళ్లీ కాళ్ల మీదే దిగి ముందుకు సాగిపోవడమే బ్యారెల్ రోల్. చూసేవారికి అంతా గాల్లోనే జరిగినట్టు ఉంటుంది. కానీ గాల్లో ఉండేది క్షణకాలం. అక్కడ దిద్దుకోగలిగింది చాలా తక్కువ. కాలవ గట్టు మీద నుంచి పల్టీ కొట్టే పిల్లల్ని గమనించండి, గట్టును కాలితో తన్నేటప్పుడే వాళ్ల ఒళ్లు తిరగడం మొదలవుతుంది. ఇక్కడా అంతే. బండి నీటిని వదలకముందే ఒరగాలి, మీ తల తిరగాలి, థ్రాటిల్ (వేగం పెంచే మీట) పూర్తిగా నొక్కాలి. అందుకే నీటి మీద ఉండగా చేయాల్సిన పని గురించే ఎక్కువ చెబుతాను.

ముందు నీళ్లు చూసుకోండి

ధవళేశ్వరం బ్యారేజీ దాటాక గోదావరి గౌతమి, వశిష్ఠ పాయలుగా చీలుతుంది. వశిష్ఠ నుంచి మళ్లీ వైనతేయ విడిపోతుంది. మూడూ వెడల్పైనవే గానీ వెడల్పు చూసి లోతు అనుకోకూడదు. ప్రతి వరదకూ ఇసుక మేటలు చోటు మారుతుంటాయి. నిరుడు లోతుగా ఉన్నచోట ఈ ఏడు మోకాలి లోతే ఉండవచ్చు. రోల్ సగంలో ఆగితే బండి మీ పైన, మీరు దాని కింద ఉంటారు. కాబట్టి కనీసం రెండు నిలువుల లోతు ఉండాలి. వెదురు గెడతో కొలిచి చూడండి. మేట ఎక్కడుందో, వలలు కట్టే గుంజలు ఎక్కడ పాతారో ఆ రేవులో వేటకు వెళ్లేవాళ్లకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. వాళ్లను అడగకుండా కొత్త చోట నీళ్లలోకి దిగవద్దు.

జూలై నుంచి సెప్టెంబరు దాకా అసలు వద్దు. ధవళేశ్వరం దగ్గర 10 లక్షల క్యూసెక్కులు దాటితే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. ఆ హెచ్చరిక రాకముందే మానులు, చెట్ల కొమ్మలు కొట్టుకొస్తుంటాయి. డిసెంబరు నుంచి మార్చి దాకా నది నెమ్మదిగా ఉంటుంది. చలికాలం ఉదయాల్లో మంచు విడిచాకే దిగండి. మధ్యాహ్నానికి సముద్రపు గాలి లేచి నీళ్లు చిందరవందర అవుతాయి కాబట్టి పొద్దున్న ఎనిమిది, పదకొండు మధ్య సమయం బాగుంటుంది.

సముద్రానికి దగ్గరయ్యేకొద్దీ పోటు, పాటు లెక్క చూసుకోవాలి. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో పోటు పెద్దది, లాగుడూ ఎక్కువ. అష్టమి చుట్టుపక్కల రోజుల్లో నెమ్మదిగా ఉంటుంది. మొదటిసారి నేర్చుకునేవారికి ఆ రోజులే మంచివి. పోటు నిండి, నీళ్లు ఇంకా వెనక్కి తిరగని కాసేపు లోతూ ఉంటుంది, ప్రవాహమూ ఉండదు. అంతకు మించిన సమయం దొరకదు.

గుర్రపుడెక్క ఉన్నచోట బండి దించకండి. అడుగున నీటిని పీల్చే జాలీలో ఒక్క మొక్క ఇరుక్కున్నా, నీటిని వెనక్కి చిమ్మి బండిని తోసే పంపు శక్తి పడిపోతుంది, ఇంజిన్‌కు చల్లదనం అందదు. రోల్ కోసం సరిగ్గా అల ఎక్కేటప్పుడు అలా జరిగితే దెబ్బలు తగులుతాయి.

పంట కాలవలు, స్నానాల రేవులు, పంటు తిరిగే దారి, దిండి దగ్గర హౌస్‌బోట్లు నడిచే నీళ్లు, బ్యారేజీ గేట్ల దగ్గర, కోరింగ అభయారణ్యం: వీటి జోలికి పోవద్దు. వల వేసిన మనిషికి ఆ పూట కూడు అక్కడే ఉంది. మన ఆటకు పక్కకు జరగాల్సింది మనమే. 2021 నాటి ఇన్‌లాండ్ వెసెల్స్ చట్టం ప్రకారం ఇంజిన్‌తో నడిచే పడవలకు రిజిస్ట్రేషన్ కావాలి. స్థానిక పోలీసులకు, జలవనరుల శాఖ వారికి ముందే చెప్పి అనుమతి తీసుకోండి. యానాం వైపు వెళ్తే అది పుదుచ్చేరి పరిధి, అక్కడి అనుమతి వేరు.

బండి, ఒంటి మీద సామాను

కూర్చుని నడిపే జెట్‌స్కీతో ఇది నేర్చుకోలేరు. స్టాండప్‌లలోనూ తేలికదే కావాలి. యమహా సూపర్‌జెట్ పాత టూ-స్ట్రోక్ మోడల్, 701 సీసీది, సుమారు 140 కిలోలు ఉంటుంది. అల దొరికితే ఆ బండితో రోల్ వేయవచ్చు. 2021లో వచ్చిన ఫోర్-స్ట్రోక్ సూపర్‌జెట్ అంతకంటే 30 కిలోలు బరువు. కవాసకీ ఎస్‌ఎక్స్-ఆర్ 1500 సీసీ బండి రేసులకు గొప్పదే గానీ, దాని బరువుతో కొత్తవాళ్లు ఈ పని పెట్టుకోకూడదు.

కాళ్లు దూర్చే ఫుట్‌హోల్డ్‌లు లేకుండా రోల్ లేదు. బండిని పైకి, పక్కకు లాగేది పాదాలే. కానీ ఫుట్‌హోల్డ్‌లు బిగుతుగా ఉంటే తలకిందులైనప్పుడు కాలు బయటికి రాదు. మెలికపడ్డ పాదం కూడా ఒక్క లాగుతో వచ్చేలా అమర్చుకుని, గట్టు మీదే పదేపదే తీసి చూడండి. హెల్మెట్, లైఫ్ జాకెట్, నీళ్లలో వేసుకునే బూట్లు, మోకాలి ప్యాడ్లు తప్పనిసరి. మందపాటి వెట్‌సూట్ ప్యాంటు కూడా వేసుకోవాలి, ఎందుకంటే వెనక పడినప్పుడు పంపు నుంచి వచ్చే నీటి ధార శరీరం లోపలికి దూసుకెళ్లి తీవ్రంగా గాయపరచగలదు. మణికట్టుకు లాన్యార్డ్ తాడు (మీరు పడిపోతే ఇంజిన్‌ను ఆపేసేది) లేకుండా ఇంజిన్ స్టార్ట్ చేయవద్దు.

రోల్‌కు ముందు రావాల్సినవి

లోతు నీటిలో పడ్డాక ఎవరి సాయం లేకుండా బండి ఎక్కి బయల్దేరగలగాలి. రెండు వైపులా బాగా ఒరిగి మలుపు తిప్పగలగాలి. అల మీద నేరుగా ఎగిరి తిన్నగా దిగగలగాలి. తర్వాత చదును నీటిలో బన్నీ హాప్ సాధన చేయండి. నెమ్మదిగా పోతూ మోకాళ్లు వంచి బండి ముక్కును కాస్త ముంచి, అది పైకి తేలే క్షణంలోనే థ్రాటిల్ కొట్టి, కాళ్లతో బండిని పైకి లాగడం. ఈ లయ పట్టుబడిన రోజు రోల్ సగం వచ్చినట్టే. ఇది వదిలేసి నేరుగా పల్టీకి వెళ్లేవాళ్లు చాలామంది ఎప్పటికీ సగం దగ్గరే ఆగిపోతారు.

ఇక రోల్

ఎడమ వైపు రోల్ చెబుతాను. కుడికి వేసేవారు అన్నీ అటు ఇటు మార్చుకోండి.

సముద్రం అలల్లో కాకుండా నదిలో ఒక ఫైబర్ బోటు వెనక లేచే అల మీద మొదలుపెట్టండి. బోటులో ఇద్దరు ఉండాలి. ఒకరు నడపడానికి, ఒకరు మిమ్మల్ని చూస్తూ ఉండటానికి. వేగం అందుకోకముందు బోటు ముక్కు లేచి వెనక భాగం కుంగే దశ ఒకటి ఉంటుంది. ఎక్కువ ఎత్తు అల వచ్చేది అప్పుడే. బోటు మీ పక్కగా దాటి కనీసం 50 మీటర్లు పోయాక, ఆ అల మీకు ఎదురుగా వచ్చేలా తిరగండి.

వేగం మధ్యస్థంగా చాలు. ఎక్కువైతే బండి పైకి లేవకుండా దూరం పోతుంది, తిరగడానికి సమయం చాలదు. అల మొదట్లో మోకాళ్లు బాగా వంచి, హ్యాండిల్‌ను కొద్దిగా కుడికి తిప్పి బండిని సిద్ధం చేయండి. ముక్కు అల ఎక్కడం మొదలవగానే హ్యాండిల్ పూర్తిగా ఎడమకు, థ్రాటిల్ పూర్తిగా లోపలికి, బరువంతా ఎడమ పాదం మీదికి. బండి ఎడమ అంచు నీటిని కోస్తున్నట్టు కాలికి తెలుస్తుంది. అది తెలిసేదాకా ఎగరవద్దు. తెలిసిన వెంటనే కాళ్లు చాపి పైకి తన్నుతూ, ఒంటిని వెనక్కీ ఎడమకూ పడేయండి. హ్యాండిల్‌ను ఛాతీ దగ్గరికి లాగండి.

అన్నిటికంటే ముఖ్యం తల. ఎడమ భుజం మీదుగా వెనక నీటిని వెతకండి. చూపు ఎటు పోతే భుజాలు అటు, భుజాలు ఎటు పోతే బండి అటు. భయంతో అందరూ చూపును బండి ముక్కు మీదే ఉంచేస్తారు, బండి సగం తిరిగి ఆగిపోతుంది.

గాల్లో మోకాళ్లు కడుపుకు దగ్గరగా లాక్కోండి. ముద్దగా ఉంటే వేగంగా తిరుగుతారు. పంపు నీటిని వదిలాక థ్రాటిల్ వదలండి, లేకపోతే భారం లేని ఇంజిన్ విపరీతంగా తిరిగి పాడవుతుంది. నీళ్లు కనబడగానే మోకాళ్లు వదులుగా పెట్టుకుని, దిగుతూనే థ్రాటిల్ ఇవ్వండి. ఆ తోపే బండిని నిలబెడుతుంది.

తేడా వస్తే

బండి పక్కకు పడుతుంటే తల తిరగలేదు లేదా అంచు పట్టకముందే ఎగిరారు. ముక్కు నీటిలో గుచ్చుకుంటుంటే బరువు ముందుంది, లేదా థ్రాటిల్ ముందే వదిలారు.

రోల్ పూర్తికాదని అనిపించిన క్షణంలోనే పాదాలు లాగేసి బండిని మీ నుంచి దూరంగా తోయండి. పట్టుకుని వేలాడితే అది మీ మీదే పడుతుంది. నీటిలోకి వెళ్లాక ఒక చేయి తల పైన ఉంచుకుని, బండి ఎక్కడుందో తెలిశాకే పైకి రండి. తలకిందులైన బండిని వెనక స్టిక్కర్ మీద చూపిన వైపే తిప్పాలి. అటు కాకుండా ఇటు తిప్పితే సైలెన్సర్‌లోని నీళ్లు ఇంజిన్‌లోకి రావచ్చు. స్టార్టర్ నొక్కితే ఠక్కున ఆగిపోతుంటే బలవంతం చేయకండి. గట్టుకు చేర్చి, స్పార్క్ ప్లగ్గులు తీసి, ఇంజిన్ తిప్పి నీళ్లు బయటికి పంపండి.

ఒళ్లు అలిసిందనిపిస్తే ఆ రోజుకు ఆపేయండి. అలసిన కాళ్లు ఫుట్‌హోల్డ్ నుంచి సమయానికి రావు.

ఇంటికి చేరాక

వేసవికి ముందే పాయల్లో ఉప్పు నీరు ఎక్కుతుంది. ప్రతిసారీ మంచినీటితో ఇంజిన్ కడగాలి. ముందు ఇంజిన్ స్టార్ట్ చేసి, తర్వాత పైపు తిప్పాలి. ఆపేటప్పుడు ముందు పైపు కట్టేసి, తర్వాత ఇంజిన్. ఈ వరుస తప్పితే నీళ్లు సిలిండర్లలోకి చేరతాయి. పాత సూపర్‌జెట్‌కు లీటరు పెట్రోలుకు 20 మిల్లీలీటర్ల టూ-స్ట్రోక్ ఆయిల్ కలపాలి. మార్పులు చేయించిన ఇంజిన్ అయితే చేసిన మెకానిక్ చెప్పిన లెక్కే పాటించండి. ఇసుక నీటిలో తిరిగాక పంపులోని ఇంపెల్లర్ (నీటిని నెట్టే రెక్కల చక్రం) అంచులను తడిమి చూడండి. అరిగిన ఇంపెల్లర్‌తో బండి మామూలుగానే పరిగెడుతుంది, అల మీద ఒక్కసారిగా తోపు అడిగినప్పుడే చేతులెత్తేస్తుంది. రోల్ రావట్లేదని మీ పద్ధతి మార్చుకునే ముందు దాన్ని ఒకసారి చూసుకోండి.