డ్యూటీలో సూది గుచ్చుకుంటే: మొదటి రెండు గంటలూ, ఆ తర్వాత ఆరు నెలలూ

విజయవాడ సూర్యారావుపేటలో ఒక నర్సింగ్ హోంలో నైట్ డ్యూటీ చేస్తున్న రోజుల్లో, వాడిన సూదికి మళ్లీ క్యాప్ పెట్టబోయి ఎడమచేతి చూపుడు వేలికి గుచ్చుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. ఇన్‌చార్జి సిస్టర్ తిడుతుందని భయం, ఇన్నేళ్ల సర్వీసుండి ఇదేం పని అంటారని సిగ్గు. వేలు గట్టిగా పిండి, స్పిరిట్ దూది అద్దుకుంటూ తెల్లారేదాకా కూర్చున్నాను. ఆ రాత్రి నేను చేసిన వాటిలో ఒక్కటీ సరైంది కాదు.

గుచ్చుకోగానే గ్లవ్స్ తీసేసి పంపు కింద సబ్బుతో కడగండి, అంతే. పిండొద్దు, పిండితే లాభమని ఎక్కడా రుజువు కాలేదు. బ్లీచింగ్, స్పిరిట్, అయోడిన్ వద్దు. వేలు నోట్లో పెట్టుకోవద్దు, కూరగాయలు కోస్తూ తెగితే పెట్టుకున్నట్టు ఇక్కడా అలవాటుగా పెట్టేస్తాం. రక్తం కంట్లో పడితే కన్ను మంచినీళ్లతో బాగా కడగాలి, సబ్బు వాడకూడదు. చెక్కుచెదరని చర్మం మీద రక్తం పడితే మాత్రం కడుక్కుని పని చూసుకోండి, దానికి మందు అక్కర్లేదు.

కడగడం అయ్యాక వెంటనే డ్యూటీ డాక్టర్‌కి చెప్పాలి. పేషెంట్ రక్తం అంటిన సూదితో హెచ్‌ఐవీ సోకవచ్చు, అది రాకుండా వేసుకునే మందును మన దగ్గర పెప్ అంటారు. వీలైతే రెండు గంటల్లోపు మొదటి మాత్ర పడాలి, 72 గంటలు దాటాక వేసుకుని ప్రయోజనం ఉండదు. ఆ సూది ఎవరికి వాడారో ఆ పేషెంట్ హెచ్‌ఐవీ రిపోర్టు రానీ, చూద్దాం అని ఆగకండి. మొదటి డోసు వేసుకున్నాక రిపోర్టు చూసుకోవచ్చు. పేషెంట్‌కి నెగెటివ్ వచ్చి, ఈ మధ్యే సోకి ఉండే అవకాశం కూడా లేదని డాక్టర్ అనుకుంటే ఆపేస్తారు, ఒకటి రెండు మాత్రలు ఎక్కువ మింగినందుకు పోయేదేం లేదు. పేషెంట్‌కి పరీక్ష చేయాలన్నా ఆయన ఒప్పుకోవాలి, తెలియకుండా శాంపిల్ తీసి చేయించడం చట్టం ప్రకారం తప్పు.

మందు ఎక్కడ దొరుకుతుందంటే, ముందు మీ ఆసుపత్రిలోనే అడగండి. 2017 హెచ్‌ఐవీ చట్టం ప్రకారం ఇలాంటి ప్రమాదం ఉన్న చోట పనిచేసేవాళ్లకి పెప్ ఇవ్వాల్సిన బాధ్యత యాజమాన్యానిదే. లేదంటే విజయవాడ గానీ గుంటూరు గానీ జీజీహెచ్‌కి, అంటే ప్రభుత్వ పెద్దాసుపత్రికి వెళ్లండి. పగలైతే అక్కడి ఏఆర్‌టీ సెంటర్ (హెచ్‌ఐవీ మందులిచ్చే చోటు), రాత్రయితే క్యాజువాల్టీ. దారి తోచకపోతే ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097కి ఫోన్ చేయండి, అది ఉచితం.

ప్రభుత్వ కేంద్రాల్లో ఇచ్చేది సాధారణంగా టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రవిర్ కలిసిన ఒకే మాత్ర. రోజుకొకటి, 28 రోజులు. కొందరికి వికారం, తలనొప్పి, నిద్ర పట్టకపోవడం ఉంటాయి, అవి ఉన్నాయని మధ్యలో మానేయకండి, డాక్టర్‌కి చెప్పండి. ఆవకాయ తిన్న మర్నాడు డైజీన్ తాగడం మన ఇళ్లలో మామూలే కదా, అలాంటి గ్యాస్ మందులు ఈ మాత్రని ఒంటికి పట్టనివ్వవు. తాగాల్సి వస్తే మాత్ర వేసుకున్న రెండు గంటల తర్వాత తాగండి, లేదా తాగిన ఆరు గంటల తర్వాత మాత్ర వేసుకోండి. షుగర్‌కి మెట్‌ఫార్మిన్, టీబీ మందులు, కిడ్నీ సమస్య, గర్భం, ఏది ఉన్నా ముందే చెప్పాలి.

ఇక టెస్టుల దగ్గర మన స్టాఫ్‌లోనే చాలామంది పొరబడతారు. గుచ్చుకున్న రోజు చేసే హెచ్‌ఐవీ టెస్టు ఈ సూది గురించి ఏమీ చెప్పదు, అప్పటిదాకా మీ ఒంట్లో ఏముందో మాత్రమే చెబుతుంది. నెగెటివ్ వచ్చిందని మందు మానేసిన తమ్ముణ్ణి చూశాను, వద్దని చెప్పి మళ్లీ మొదలుపెట్టించేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. అలాగని మొదటి టెస్టు వద్దనకండి, రేపు ఇది డ్యూటీలోనే సోకిందని చూపించాలంటే ఆ కాగితమే ఆధారం. ఆ తర్వాత ఆరు వారాలకి, మూడు నెలలకి, ఆరు నెలలకి మళ్లీ చేయించాలి. చివరి రిపోర్టు వచ్చేదాకా కండోమ్ వాడండి, రక్తదానం చేయొద్దు, పాలిచ్చే తల్లులు డాక్టర్‌ని అడగాలి. ఈలోగా జ్వరం, ఒంటిమీద దద్దుర్లు, బిళ్లకట్టడం కనిపిస్తే తేదీ కోసం చూడకుండా వెళ్లండి.

టెన్షన్ ఎంత పడాలంటారా? పాజిటివ్ పేషెంట్ రక్తం ఉన్న సూది గుచ్చుకున్న వెయ్యి మందిలో, మందు వేసుకోకపోయినా హెచ్‌ఐవీ సోకేది సుమారు ముగ్గురికి. లోతుగా దిగినా, నరంలోంచి అప్పుడే తీసిన సూది అయినా ప్రమాదం పెరుగుతుంది. నిజానికి నన్నడిగితే ఎక్కువ భయపడాల్సింది హెపటైటిస్ బి గురించి. టీకా లేనివాళ్లకి అది వందలో ముప్పై మంది దాకా అంటుకోవచ్చు. అందుకే అదే రోజు హెచ్‌బీఎస్ఏజీ (హెపటైటిస్ బి), హెచ్‌సీవీ (హెపటైటిస్ సి) టెస్టులు కూడా చేయించుకోండి, టీకా వేయించుకోకపోతే ఇమ్యునోగ్లోబులిన్ (హెపటైటిస్ బిని అడ్డుకునే రెడీమేడ్ యాంటీబాడీలు) ఇంజెక్షన్ 24 గంటల్లోపు పడేలా చూడాలి.

రిజిస్టర్‌లో టైము, ఏ సూది, ఎంత లోతు, ఏ మందు ఎప్పుడు ఇచ్చారు, అన్నీ రాయించండి. నోటిమాటగా వదిలేస్తే నెల తర్వాత ఎవరికీ గుర్తుండదు.

మరో సంగతి, చెత్త సంచులు మోసే ఆయాలకీ స్వీపర్లకీ కూడా సూదులు గుచ్చుకుంటాయి, తెల్ల డబ్బాలో వేయాల్సిన సూదిని మనం సంచిలో పడేస్తాం కాబట్టి. ఎవరి సూదో తెలియకపోయినా వాళ్లూ ఇదే పద్ధతిలో వెంటనే వెళ్లాలి, మందు కావాలో లేదో డాక్టర్ తేలుస్తారు. వాళ్లకి హెపటైటిస్ బి టీకా మూడు డోసులూ, అంటే మొదటిది, నెలకి రెండోది, ఆరు నెలలకి మూడోది, పడ్డాయో లేదో ఈ వారమే మీ ఇన్‌చార్జిని అడగండి. మా వార్డు ఆయాని అడిగితే, ఏ టీకా అమ్మా అంది.