కుండీల్లో నల్ల దోమలు: నారు పోకముందే వదిలించుకునే పద్ధతి

కుండీలో నీళ్లు పోయగానే మట్టి మీంచి నలుసుల్లాంటి నల్ల దోమలు గుప్పున లేస్తాయి. నాలుగడుగులు తూలుతూ ఎగిరి మళ్లీ ఆ తడి మట్టి మీదే వాలతాయి. సాయంత్రం లైటు వేస్తే కిటికీ అద్దం మీదా, ల్యాప్‌టాప్ తెర మీదా కనిపిస్తాయి. వీటిని ఫంగస్ నాట్స్ అంటారు. మనుషుల్ని కుట్టవు కాబట్టి చాలామంది పట్టించుకోరు. బాగా వేళ్లూనిన మనీప్లాంట్‌కీ, ముదురు మొక్కలకీ వీటివల్ల పెద్ద నష్టం ఉండదు కూడా. కానీ అదే బాల్కనీలో ప్రోట్రేలో (చిన్న చిన్న గుంతలుండే నారు ట్రే) టమాటా, మిరప, వంగ నారు పోసి ఉంటే సంగతి వేరు. రెండాకుల దశలో ఉన్న నారుని చంపడానికి మట్టిలోని వీటి పిల్లపురుగులు నాలుగైదు చాలు.

ముందు ఆ పురుగు ఇదేనా అన్నది తేల్చుకోవాలి, ఎందుకంటే ఒక్కోదానికి మందు వేయాల్సిన చోటు వేరు. ఫంగస్ నాట్ 2 నుంచి 3 మిల్లీమీటర్లు ఉంటుంది. సన్నటి ఒళ్లు, పొడవాటి కాళ్లు, పొడవాటి మీసాలతో బుల్లి దోమలా కనిపిస్తుంది. భూతద్దం పెట్టి చూస్తే రెక్క మీద ఈనె ఇంగ్లీషు వై అక్షరంలా చీలి ఉంటుంది. అరటిపళ్ల చుట్టూ తిరిగేది కాస్త లావుగా, గోధుమరంగులో, ఎర్రటి కళ్లతో ఉంటే అది పండు ఈగ. బాత్రూం గోడకి అతుక్కుని, రెక్కల మీద నూగుతో బూడిదరంగులో ఉంటే అది డ్రైనేజీ ఈగ. ఆకు అడుగు నుంచి తెల్లగా లేస్తే తెల్లదోమ. ఈ మూడింటికీ కింద చెప్పే మట్టి వైద్యం పనికిరాదు.

ఎగిరే దోమ నారుని తినదు. అసలు నష్టం మట్టిలో ఉన్న దాని పిల్లపురుగు చేస్తుంది. ఒక ఆడదోమ వారం, పది రోజుల జీవితంలో 200 దాకా గుడ్లు పెడుతుంది, అదీ తడిగా ఉన్న పై మట్టి సందుల్లో. 24 డిగ్రీల వేడిలో గుడ్డు పగలడానికి 3 రోజులు, పురుగు దశ 10 రోజులు, ప్యూపా (పురుగు దోమగా మారే దశ) 4 రోజులు. అంటే సుమారు 17 రోజులకి కొత్త తరం రెక్కలతో బయటికొస్తుంది. చల్లగా ఉంటే ఇంకా ఆలస్యం అవుతుంది. ఒకే కుండీలో గుడ్డూ, పురుగూ, ప్యూపా, దోమా నాలుగూ ఒకేసారి ఉంటాయి. ఒక్కసారి మందు పోసి, రెండు రోజులు దోమలు కనపడలేదని వదిలేసినవాళ్లకి మూడో వారంలో మళ్లీ మొదటికొస్తుంది. ఏ పద్ధతి పట్టుకున్నా మూడు, నాలుగు వారాలు మధ్యలో ఆపకుండా చేయాలి.

ఈ దోమలు అసలు ఎందుకొచ్చాయో తెలియకుండా మందు కొనడం దండగ. పిల్లపురుగు ప్రధాన ఆహారం బూజు, పాచి, కుళ్లుతున్న సేంద్రియ పదార్థం. అవి చాలనప్పుడు లేత వేళ్ల మీద పడుతుంది. మన ఇళ్లలో ఆ భోజనం మనమే పెడుతుంటాం. సగం మాగిన వంటింటి కంపోస్టు, పచ్చివాసన వదలని పేడ, రోజూ పోసే బియ్యం కడిగిన నీళ్లు, కుండీలో ఒంపేసే టీ పిప్పి, పులిసిన మజ్జిగ, బెల్లం కలిపిన ద్రావణాలు. ఆరుబయట మిద్దె తోటలో, ఎండా గాలీ తగిలే చోట ఇవన్నీ చెల్లుతాయి. గాలాడని బాల్కనీలో, ముసురు పట్టిన శ్రావణ భాద్రపదాల్లో అవే బూజుకి మేత అవుతాయి. వేపపిండి పురుగుకి విరుగుడు కదా అని దోసెడు తెచ్చి మట్టి పైన చల్లుతారు. తడి తగలగానే రెండు మూడు రోజుల్లో దాని మీద తెల్లటి బూజు దూదిలా అల్లుకుంటుంది, దోమలు వచ్చి అక్కడే గుడ్లు పెడతాయి. వేపపిండి వాడాలంటే మట్టి కలిపేటప్పుడే లోపల కలిపేయాలి, పైన పరచకూడదు.

రెండో కారణం కోకోపీట్, అంటే కొబ్బరి పీచు పొట్టు. అది పైన లేత గోధుమరంగుకి తిరిగి ఎండినట్టు కనిపిస్తుంది గానీ, అంగుళం లోపల పిండితే నీళ్లు కారేంత తడి ఉంటుంది. రంగు చూసి నీళ్లు పోసేవాళ్లు ఇక్కడే దెబ్బ తింటారు. కుండీని ఎత్తి బరువు చూడండి. నిండా తడిపిన రోజు ఎంత బరువుందో ఒకసారి గుర్తుపెట్టుకుంటే, తేలికైన రోజు చేతికే తెలుస్తుంది. ఎత్తలేని కుండీలో వేలు రెండు కణుపుల దాకా గుచ్చి, పొడిగా తగిలితేనే పోయండి.

పురుగు ఉందో లేదో బంగాళదుంపతో తేల్చండి

పచ్చి బంగాళదుంపని అంగుళం వెడల్పు, ఒక సెంటీమీటరు మందం ముక్కలుగా కోసి, కోసిన వైపు మట్టికి ఆనేలా కొద్దిగా నొక్కి పెట్టండి. కుండీకి ఒకటి, ప్రోట్రేకి మూల మూలా ఒకటి. మూడు, నాలుగు రోజులయ్యాక మెల్లగా తిప్పి చూడండి. ముక్క అడుగునా, కింది మట్టిలోనూ 5 మిల్లీమీటర్ల పొడవున, గాజులా ఒళ్లు కనిపించే సన్నటి పురుగులుంటాయి. తల మాత్రం ఆవగింజ తొక్కలా నల్లగా మెరుస్తుంది. తిన్న మట్టి పొట్టలో నల్ల గీతలా బయటికే కనిపిస్తుంది. ఆ నల్ల తల ఉంటే అనుమానం అక్కర్లేదు. ముక్కల్ని పురుగులతో సహా సబ్బు నీళ్లలో పడేయండి, కొత్త ముక్కలు పెట్టండి. వైద్యం పనిచేస్తోందా లేదా అన్నది కూడా ఈ ముక్కలే చెబుతాయి. ఎన్ని పురుగులు పడుతున్నాయో వారం వారం రాసుకోండి.

మొదటి రోజు చేయాల్సినవి

నీళ్లు ఆపేయండి. తట్టుకోగల మొక్కలన్నిటికీ పై 4, 5 సెంటీమీటర్లు పూర్తిగా ఎండేదాకా చుక్క పోయొద్దు. గుడ్లూ చిన్న పురుగులూ ఎక్కువగా ఉండేది ఆ పొరలోనే, ఆరితే చస్తాయి. స్నేక్ ప్లాంట్, జేడ్ లాంటివి రెండు వారాలు కూడా ఓర్చుకుంటాయి. కుండీల కింద పళ్లేల్లో నిలిచిన నీళ్లు పారబోయండి. మట్టి మీద రాలిన ఆకులూ, టీ పిప్పీ, పచ్చగా పట్టిన పాచీ గీకి తీసేయండి.

అదే రోజు పసుపు అట్టలు పెట్టండి. కొనే జిగురు అట్టలు సరే, లేకపోతే పసుపు రంగు ప్లాస్టిక్ ముక్కకి ఆముదమో గ్రీజో పల్చగా పూసినా పనిచేస్తుంది. చేలల్లో తెల్లదోమకి రైతులు వాడే పద్ధతే ఇది. తేడా ఒక్కటే, అక్కడ మొక్క ఎత్తున కడతారు. ఫంగస్ నాట్ సరిగా ఎగరలేదు, ఎక్కువసేపు మట్టికి జానెడు ఎత్తులోపే తిరుగుతుంది. అందుకని అట్టని మట్టి మీద దాదాపు ఆనించి, పడుకోబెట్టినట్టు పెట్టాలి. ఆముదం పూసినవి రెండు, మూడు రోజులకి తుడిచి మళ్లీ పూయండి, దుమ్ము పడితే జిగురు పోతుంది. అట్టలు గుడ్లు పెట్టే దోమల్ని తగ్గిస్తాయి, లోపలి పురుగుని ముట్టుకోలేవు. వాటిమీదే ఆధారపడొద్దు.

మట్టిలో పోసే మందులు

అన్నిటికన్నా నికరమైనది బీటీఐ, అంటే బాసిల్లస్ తురింజియెన్సిస్ ఇజ్రాయెలెన్సిస్ అనే బాక్టీరియా. మురుగు నీళ్లలో కుట్టే దోమల పిల్లపురుగుల్ని చంపడానికి వాడేది ఇదే. పురుగు దీన్ని తింటే పేగు దెబ్బతిని చస్తుంది, మొక్కకీ మనకీ హాని ఉండదు. కొనేటప్పుడు డబ్బా మీద చివరి పేరు చదవండి. ఎరువుల షాపులో బీటీ పౌడర్ అడిగితే సాధారణంగా ఇచ్చేది కుర్‌స్టాకి రకం. అది గొంగళి పురుగుల మందు, ఈ పురుగు మీద పనిచేయదు. ఇజ్రాయెలెన్సిస్ అని ఉంటేనే తీసుకోండి. ఒక్కో కంపెనీ గాఢత ఒక్కోలా ఉంటుంది కాబట్టి మోతాదు లేబుల్ ప్రకారం వేసి, కలిపిన రోజే పోసేయండి. మట్టిలో ఇది ఎక్కువ రోజులు నిలవదు, అందుకే వారానికోసారి చొప్పున కనీసం మూడు సార్లు పోయాలి.

అది దొరక్కపోతే వేపనూనె మందు. 1500 పీపీఎం రకం (డబ్బా మీద రాసి ఉండే గాఢత) లీటరు నీళ్లకి 5 మిల్లీలీటర్లు కలిపి, మట్టి పైపొర అంతా తడిసేలా వారానికోసారి, మూడు వారాలు పోయండి. ఇది పురుగుని అక్కడికక్కడే చంపదు, ఎదగనివ్వదు. మొదటి వారం దోమలు తగ్గలేదని మానేయొద్దు. గానుగలో ఆడించిన వేపనూనె అయితే నీళ్లలో కలవదు, నాలుగైదు చుక్కల సబ్బు ద్రవంలో ముందు గిలకొట్టి తర్వాత నీళ్లు పోయాలి. లేత నారుకి లీటరు నీళ్లలో 2 మిల్లీలీటర్లు మించొద్దు, ముందు ఒక వరసకి పోసి రెండు రోజులు చూడండి.

హైడ్రోజన్ పెరాక్సైడ్ గురించి ఒక హెచ్చరిక. అమెరికా వాళ్లు చెప్పే లెక్క 3 శాతం సీసాకి, ఒక వంతుకి నాలుగు వంతుల నీళ్లు. మన మందుల షాపుల్లో ఎక్కువగా దొరికేది 20 వాల్యూమ్, అంటే సుమారు 6 శాతం. అదే కొలత వేస్తే రెట్టింపు ఘాటవుతుంది. 6 శాతం సీసా నుంచి 100 మిల్లీలీటర్లు తీసి 900 మిల్లీలీటర్ల నీళ్లలో కలపండి. పైపొర ఎండిన కుండీలో పోస్తే నురగలు కక్కుతూ పురుగుని చంపుతుంది, గంటల్లో నీరుగా మారిపోతుంది. గుడ్లని నమ్మకంగా చంపదు, పైగా మంచి సూక్ష్మజీవుల్నీ చంపుతుంది. ట్రైకోడెర్మా (వేరు తెగుళ్లని అణిచే మంచి బూజు) వేసిన కుండీలో పోస్తే ఆ ట్రైకోడెర్మా దండగే. పురుగు మితిమీరిన కుండీకి ఒకసారి వాడి, తర్వాత బీటీఐకి మారడం మంచిది.

ఇసుక పొర కూడా చాలామంది చెబుతారు. కడిగిన ముతక ఇసుక 2 సెంటీమీటర్లు పరిస్తే దోమ గుడ్లు పెట్టడం తగ్గుతుంది. సన్న ఇసుక వద్దు, అది కింది తడిని పైకి పీల్చుకుంటుంది. కుండీ అడుగు రంధ్రాల్లోంచి దోమలు వచ్చిపోతుంటే పైన ఇసుక పోసి లాభం లేదు, రంధ్రాలకి పల్చటి నెట్ గుడ్డ కట్టాలి. దాల్చినచెక్క పొడి, కర్పూరం, అగరుపొగ మీద రోజులు వృథా చేయకండి. దోమల స్ప్రే కొడితే ఎగిరేవి చస్తాయి, మర్నాటికి కొత్తవి లేస్తాయి. కూరగాయల కుండీల్లో రసాయన గుళికల మందులు అసలే వద్దు.

నారు ట్రేల సంగతి

తడిగా ఉన్న ట్రేలో నారు వాడి తల వేలాడేస్తే నీళ్లు చాలలేదేమోనని ఇంకా పోస్తారు. పోయకుండా ఒక మొక్కని తెల్ల కాగితం మీదకి లాగి చూడండి. కాండం మట్టికి ఆనే చోట దారం కట్టినట్టు నొక్కుకుపోయి గోధుమరంగుకి తిరిగితే నారుకుళ్లు. కాండం గట్టిగానే ఉండి, వేళ్ల మీద నూగు లేకుండా బోడిగా ఉంటే, చిటికెడు మట్టిలో నల్ల తల పురుగు కనిపిస్తే ఇది దాని పనే. తరచూ రెండూ కలిసే వస్తాయి, పురుగు కొరికిన గాయంలోంచి నారుకుళ్లు తెగులు ఎక్కుతుంది. అందుకని నారుకుళ్లుకి మందు పోసినా తగ్గనప్పుడు పురుగు కోసం వెతకాలి.

మళ్లీ నారు పోసేటప్పుడు కోకోపీట్ ఇటుకని మరిగే నీళ్లతో నానబెట్టి, మూతపెట్టి, పూర్తిగా చల్లారాక వాడండి. అందులో ఉన్న గుడ్లూ పురుగులూ అక్కడే పోతాయి. వర్మీకంపోస్ట్ నాలుగో వంతుకి మించకూడదు, అదీ జల్లించి ఎండ చూపించినది. గింజల పైన కంపోస్టు కప్పొద్దు, అర సెంటీమీటరు వర్మిక్యులైట్ (తేలికపాటి ఖనిజపు పలుకులు) కప్పండి, పైపొర త్వరగా ఆరుతుంది. మొలక కనిపించిన రోజే ప్లాస్టిక్ మూత తీసేయండి. నీళ్లు పైనుంచి చల్లకుండా, వెడల్పాటి పళ్లెంలో 2 సెంటీమీటర్ల నీళ్లు పోసి ట్రేని 20 నిమిషాలు అందులో ఉంచి, మిగిలినవి పారబోయండి. చిన్న ఫ్యాన్ తక్కువ స్పీడులో, ఆకులు కొద్దిగా కదిలేంత గాలి వేస్తే పైపొర రాత్రిలోపు ఆరుతుంది.

కరివేపాకు ఇంట్లో పెట్టుకున్నవాళ్లకి

అమెరికా, ఇంగ్లండ్ లాంటి చలి దేశాల్లో కరివేపాకు కుండీని అక్టోబరులో లోపలికి తెచ్చే తెలుగువాళ్ల ఇళ్లలో ఈ దోమలు డిసెంబరుకల్లా కనిపిస్తాయి. వెలుతురు తగ్గి మొక్క సగం నిద్రలో ఉంటుంది, నీళ్లు పీల్చుకోదు. మనం మాత్రం వేసవి అలవాటుగానే పోస్తుంటాం. కరివేపాకుకి పుల్ల మజ్జిగ మంచిదని లోపల కూడా పోస్తే నాలుగు రోజుల్లో మట్టి మీద బూజు, దాని వెనకే దోమలు. మజ్జిగ మే నెల దాకా మానేయండి. రెండు అంగుళాల లోతు పొడిబారాకే నీళ్లు, అది పది రోజులకైనా పదిహేను రోజులకైనా సరే. అక్కడ బీటీఐ మొక్కజొన్న రవ్వలాంటి గుళికలుగా, మస్కిటో బిట్స్ పేరుతో దొరుకుతుంది. లీటరు నీళ్లకి ఒక పెద్ద చెంచా వేసి అరగంట నాననిచ్చి, వడకట్టి, ఆ నీళ్లే పోయండి. గుళికల్ని మట్టి మీద వదిలేస్తే వాటికే బూజు పడుతుంది.

కొత్తగా నర్సరీ నుంచి తెచ్చిన మొక్క ఏదైనా సరే, మూడు వారాలు మిగతావాటికి దూరంగా, పక్కన ఒక పసుపు అట్టతో ఉంచండి. విప్పిన మట్టి, కంపోస్టు సంచులు మూతి బిగించి పొడి చోట పెట్టండి. వానకి తడిసిన సంచి ఉంటే ఎండలో పల్చగా ఆరబెట్టాకే కుండీలకి వాడండి.