కాళ్లు వాచాయా? నొప్పి బిళ్ల కన్నా ముందు క్రియాటినిన్

కవిటి, కంచిలి, సోంపేట, ఇచ్ఛాపురం, ఆ పక్క బరంపురం వైపు మనవాళ్లు... ఎక్కడైనా వరస ఒకటే. పాదాలు వాస్తే ముందు మెడికల్ షాపు, ఆర్నెల్లకి రక్త పరీక్ష. కిడ్నీ జబ్బు విపరీతంగా ఉన్న శ్రీకాకుళం జిల్లా ఉద్దానం గాలి పీల్చేవాళ్లు కూడా ఇలా చేస్తే ఏమనాలి?

రెండు పాదాలూ వాచి, నొక్కితే గుంట పడుతుంటే

చీలమండకి కాస్త పైన, ఎముక మీద బొటనవేలితో పది సెకన్లు నొక్కండి. గుంట వెంటనే పూడకపోతే ఒంట్లో నీరు చేరినట్టే. అది కిడ్నీ, గుండె, కాలేయం ఏదైనా కావచ్చు. పొద్దున్నే కళ్ల చుట్టూ ఉబ్బు, మూత్రంలో నిలిచిపోయే నురగ ఉంటే కిడ్నీ మీదే అనుమానం. పడుకుంటే ఆయాసం వచ్చినా, మూత్రం బాగా తగ్గినా ఆ రోజే ఆసుపత్రికి.

బీపీ, షుగరు, సీరం క్రియాటినిన్ (కిడ్నీ వడకట్టాల్సిన వ్యర్థం రక్తంలో ఎంత మిగిలిందో చెప్పే పరీక్ష), మూత్రంలో అల్బుమిన్-క్రియాటినిన్ నిష్పత్తి (మూత్రంలో ప్రోటీన్ ఎంత పోతోందో చెప్పేది) చూపించుకోండి. మూత్రం పట్టీ పరీక్ష బాగుందని ఊరుకోవద్దు. ఉద్దానం జబ్బులో ప్రోటీన్ పెద్దగా పోదు, వాపూ ఆలస్యంగానే వస్తుంది. ఈజీఎఫ్ఆర్ ఎంతో అడగండి, అంటే క్రియాటినిన్, వయసు బట్టి కిడ్నీ ఎంత వడకడుతోందో చెప్పే అంకె. 60 ఏళ్ల ఆడమనిషికి క్రియాటినిన్ 1.2 అంటే చూడ్డానికి నార్మలే, కానీ ఈజీఎఫ్ఆర్ 52 దగ్గరుంటుంది. మూడు నెలల పాటు 60 కన్నా తక్కువుంటే దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు కిందే లెక్క.

అసలు దొంగ: నొప్పి బిళ్ల

డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్. ఇవి కిడ్నీకి రక్తం పోయే దారిని ఇరుకు చేస్తాయి, ఉప్పునీ నీటినీ ఒంట్లో ఆపేస్తాయి. దాంతో వాపు పెరుగుతుంది, వాపుకి కాళ్లు లాగుతాయి, మళ్లీ అదే బిళ్ల. కొబ్బరి తోటలోనో జీడి తోటలోనో ఎండకి చెమటోడ్చి, నీళ్లు సరిగా తాగకుండా సాయంత్రం వేసుకుంటే దెబ్బ ఇంకా గట్టిది. బీపీకి టెల్మిసార్టాన్ లాంటిది, దాంతో పాటు నీరు తీసే బిళ్ల కూడా వాడేవాళ్లకి మూడోదిగా ఈ నొప్పి బిళ్ల తోడైతే కిడ్నీ ఒక్కసారిగా కుదేలవుతుంది.

"నేను పారాసిటమాలే వేసుకుంటున్నా" అనేవాళ్ల షీటు తిప్పి వెనక చిన్నక్షరాలు చదవండి. చాలాసార్లు పైన ఎసిక్లోఫెనాక్ 100, కింద పారాసిటమాల్ 325 ఉంటుంది. ఊళ్లో వేయించుకునే నొప్పి ఇంజెక్షన్ కూడా తరచుగా డైక్లోఫెనాకే.

ఆ బిళ్ల ఆపి, వాడిన షీట్లన్నీ డాక్టరు ముందు పెట్టి, ఒకటి రెండు వారాల్లో క్రియాటినిన్ మళ్లీ చూపించుకోండి. తొందరగా పట్టుకుంటే చాలామందిలో అంకె దిగుతుంది. బీపీ బిళ్ల మాత్రం సొంతంగా ఆపొద్దు, నీరు తీసే బిళ్ల సొంతంగా మొదలెట్టొద్దు. ఉప్పు రోజంతటికీ ఒక టీ చెంచాకి మించొద్దు. ఎండుచేపలు, ఆవకాయ కూడా ఆ లెక్కలోవే. పొటాషియం ఎక్కువున్నవాళ్లకి బొండం నీళ్లు, తక్కువ సోడియం ఉప్పు రెండూ ప్రమాదమే.

మిగతావి

అమ్లోడిపిన్ అనే బీపీ బిళ్లతో కూడా పాదాలు వాస్తాయి, డాక్టరు మార్చిస్తారు. ఒక్క కాలే వాస్తే బోదకాలో, రక్తం గడ్డో, గడ్డయితే అత్యవసరం. అరికాళ్ల మంటకి ముందు షుగరు చూడండి. రాత్రివేళ కాలి బొటనవేలు ఎర్రబడి భగ్గుమంటే యూరిక్ యాసిడ్ అనుమానించాలి. దానికీ క్రియాటినిన్ చూడకుండా నొప్పి బిళ్ల వేయకండి.