ముహూర్తం వేళకు చేతికి అందాల్సినవి: జీలకర్ర బెల్లం, సూత్రాలు, తలంబ్రాలు

తెలుగువాళ్ల పెళ్లిలో శుభలేఖ మీద వేసే సుముహూర్తం చాలా ఇళ్లలో జీలకర్ర బెల్లం పెట్టే వేళే. ఆ నిమిషానికి పెళ్లికొడుకు, పెళ్లికూతురు ఒకరి నెత్తిన ఒకరు చెయ్యి పెట్టి ఉండాలి. మిగతా తంతులు పది నిమిషాలు అటూ ఇటూ అయినా ఎవరూ ఏమీ అనరు. కాబట్టి ఏర్పాట్లన్నీ ఆ నిమిషం నుంచి వెనక్కి లెక్కేసుకుంటూ రావాలి.

ముందు తేదీ సంగతి. పంచాంగంలో వారం సూర్యోదయంతో మారుతుంది. రాత్రి 2 గంటల 14 నిమిషాలకు ముహూర్తమైతే శుభలేఖలో ‘శుక్రవారం రాత్రి, తెల్లవారితే శనివారం’ అని వేస్తారు. క్యాలెండరులో మాత్రం అప్పటికే శనివారం వచ్చేసి ఉంటుంది. ఫంక్షన్ హాలుకు, వంటవాళ్లకు, బస్సుకు ఒక్క తేదీ చెప్పి ఊరుకుంటే తికమక పడేది ఇక్కడే. రెండు తేదీలూ, గంటతో సహా కాగితం మీద రాసివ్వండి. పెళ్లి అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో అయితే ఇక్కడి ముహూర్తాన్ని అక్కడి గడియారంలోకి మార్చుకుంటే చెల్లదు. లగ్నం ఊరిని బట్టి మారుతుంది, ఆ ఊరికే పురోహితుడి చేత లెక్క కట్టించాలి.

ఉదయం 10.42కి ముహూర్తం అనుకుందాం. ఎనిమిదిన్నరకల్లా పెళ్లికూతురు ముస్తాబై గౌరీపూజకు కూర్చోవాలి. తొమ్మిదిన్నరలోపు పెళ్లికొడుకు మండపంలో ఉండాలి. కాళ్లు కడగడం, మహాసంకల్పం, కన్యాదానం కలిపి ముప్పావుగంట తినేస్తాయి. 10.30కి పెళ్లికూతురు తెర వెనక కూర్చుని ఉంటే నిశ్చింత. ఆలస్యం ఎక్కువగా మేకప్ గదిలోనే జరుగుతుంది. బ్యూటీషియన్‌కు అసలు ముహూర్తం చెప్పకండి, గౌరీపూజ వేళ ఒక్కటే చెప్పండి.

ఇక జీలకర్ర బెల్లం. యాభై గ్రాముల జీలకర్ర, దానికి సమానంగానో కాస్త ఎక్కువగానో బెల్లం ఉంటే ఇద్దరికీ సరిపోను మిగులుతుంది. జీలకర్ర వేయించకూడదు, పచ్చిదే వాడాలి. రోట్లో వేసి బరకగా దంచి, నలుపు తిరిగిన మెత్తటి పాత బెల్లం చేర్చి మళ్లీ దంచితే ముద్ద దానంతటదే కడుతుంది. గట్టి అచ్చు బెల్లమైతే పొడి రాలుతుంది, అప్పుడు చాలామంది నీళ్లు చిలకరిస్తారు. అదే పొరపాటు. నీళ్లు తగిలిన ముద్ద మండపం వేడికి జారి నుదుటి మీదుగా బాసికం దాకా వస్తుంది. ముద్ద కట్టకపోతే ఇంకో చిన్న ముక్క మెత్తటి బెల్లం వేసి అరచేత్తో పిసకండి. మిక్సీలో మరీ మెత్తగా తిప్పినా పాకంలా సాగి వేళ్లకే అంటుకుంటుంది. చిన్న నిమ్మకాయంత ముద్దలు రెండు చేసి, విడివిడిగా తమలపాకుల్లో పెట్టి, పైన ఇంకో ఆకు కప్పి పళ్లెంలో ఉంచండి. ముందురోజు రాత్రే చేసేవాళ్లు మూత గట్టిగా ఉన్న డబ్బాలో పెట్టాలి, లేదంటే తెల్లారేసరికి చీమలు పడతాయి.

ముద్ద పెట్టేది నడినెత్తిన, బ్రహ్మరంధ్రం మీద. పాపిడిబిళ్ల గొలుసు, పూలజడ పిన్నులు సరిగ్గా అక్కడికే వస్తుంటాయి. ఆ చోటు రూపాయి బిళ్లంతైనా ఖాళీగా వదలమని జడ వేసేటప్పుడే చెప్పాలి. పెళ్లికొడుకు తలపాగా ముహూర్తానికి ఐదు నిమిషాల ముందే తీయించాలి.

తెరసెల్లాను ఇరువైపులా పట్టుకునేందుకు ఒకే ఎత్తున్న ఇద్దరిని ముందే అనుకోండి. చిన్నపిల్లలకు ఇస్తే చేతులు నొప్పెట్టి మధ్యలో దించేస్తారు. ముందు జీలకర్ర బెల్లం, ఆ తర్వాతే తెర తొలగించడం, ఒకరినొకరు చూసుకోవడం. ఫొటో కోసం తెర తొందరగా దించమని కెమెరావాళ్లు అడుగుతారు, వినొద్దు. పురోహితుడి వేలు చూసి సన్నాయి మేళానికి సైగ చేసే మనిషి ఒకరు ఉండాలి. గట్టిమేళం ఆలస్యమైతే వెనక వరసల్లో వాళ్లకు అక్షతలు ఎప్పుడు వేయాలో తెలియదు. అక్షతలు కూడా అప్పటికే అందరి చేతుల్లో ఉండాలి. ముహూర్తం ముంచుకొచ్చాక పంచడం మొదలుపెడితే సగం మందికి అందవు.

సూత్రాల దగ్గర జరిగే పొరపాటు చిన్నది, కంగారు మాత్రం పెద్దది. పుస్తెలు రెండు, ఒకటి పుట్టింటిది, ఒకటి మెట్టినింటిది. రెండూ రెండు చోట్ల చేయిస్తారు గనక రంధ్రాలు ఒకే కొలతలో ఉండవు. పేనిన దారం ఒకదాంట్లో దూరి రెండోదాంట్లో దూరదు. పెళ్లికి వారం ముందే రెండూ దగ్గర పెట్టి, అదే దారం ఎక్కించి చూడండి. ఇరుకుగా ఉంటే కంసాలి చేత పెద్దది చేయించవచ్చు. దారానికి ఎన్ని పోగులన్నది ఇంటి ఆనవాయితీ. పేనాక పసుపు పట్టించి నీడన బాగా ఆరబెట్టాలి. తడి దారం ఉబ్బి రంధ్రంలో ఇరుక్కుంటుంది, ముడీ బిగుసుకోదు. పొడవు మెడ చుట్టుకొలత చూసి తెంచేయొద్దు. దండలు, జడ, నగల మీదుగా వెనక్కి తిప్పి మూడు ముళ్లు వేయాలి కాబట్టి ముడి పడే చోట ఇరువైపులా జానెడు మిగలాలి. కట్టేటప్పుడు ఆడపడుచో తోటికోడలో జడ పైకెత్తి పట్టుకుంటే పెళ్లికొడుకు తడుముకోడు.

సూత్రాలను కొబ్బరికాయ మీద పెట్టి, అక్షతల పళ్లెంలో అందరి దగ్గరికీ తిప్పి కళ్లకద్దించడం మంచి పద్ధతే. ఆ పళ్లెం మాత్రం ఒక్క మనిషి చేతి నుంచే కదలాలి. చేతులు మారుతూ పోతే, అసలు వేళకు అది ఎక్కడుందో ఎవరూ చెప్పలేరు.

తలంబ్రాలకు ఇద్దరికీ కలిపి నాలుగైదు కిలోల బియ్యం చాలు. నూకలు లేకుండా చెరగండి, కడగొద్దు. కిలోకు రెండు చెంచాల పసుపు, రెండు చెంచాల నెయ్యి వేసి చేత్తో పట్టిస్తే గింజగింజకూ రంగు పడుతుంది. నెయ్యి ఎక్కువైతే బియ్యం ముద్దకట్టి దోసిట్లోంచి గుత్తులుగా పడుతుంది, పట్టుచీర మీద మరక తేలుతుంది. మధుపర్కాలకు పసుపు అంటితే అంటనివ్వండి, అవి అందుకే. భద్రాచలంలో శ్రీరామనవమికి తలంబ్రాల్లో పసుపుతోపాటు గులాలు కలుపుతారు, ముత్యాలు పోస్తారు. ఆ మాదిరిగా ఇంట్లోనూ గుప్పెడు చిన్న ముత్యాలు కలుపుకోవచ్చు. థర్మోకోల్ పూసలు, తళుకుల పొడి మాత్రం వద్దు. తళుకు కంట్లో పడుతుంది, థర్మోకోల్ హోమగుండంలో పడితే మంత్రాల మధ్య ప్లాస్టిక్ కాలిన కంపు.

మొదట మంత్రంతో మూడుసార్లు వంతులవారీగా పోయించి, తర్వాత పోటీకి వదిలేస్తారు. పది నిమిషాల్లో మండపమంతా బియ్యమే. నున్నటి గ్రానైటు మీద ఆ గింజల్లో నడిస్తే జారడం ఖాయం, తర్వాత అదే చోట ఏడడుగులు వేయాలి. పీటల కింద ముందే వెడల్పాటి దుప్పటి పరిచి, తలంబ్రాలవగానే నాలుగు మూలలూ పట్టి ఎత్తేయండి.

హోమానికి లాజలు కావాలి, అంటే వడ్లు వేయించిన పేలాలు. అంగడిలో అడిగితే బొరుగులు కట్టిచ్చేవాళ్లున్నారు, విప్పి చూసుకోండి. పావుకిలో చాలు. పెళ్లికూతురి దోసిట్లో వాటిని పోయాల్సింది ఆమె అన్నో తమ్ముడో. ఆ వేళకు వాళ్లు భోజనాల దగ్గర వడ్డన చూస్తూ ఉంటారు, ముందే చెప్పి ఉంచాలి.

సప్తపది దగ్గరికి వచ్చేసరికి అతిథులు అక్షతలు, కవర్లు పట్టుకుని వేదిక ఎక్కి వరస కడతారు. ఆ వరస కోసం ఏడడుగులను హడావిడిగా నడిపించేస్తుంటారు. అలా చేయొద్దు. 1955 నాటి హిందూ వివాహ చట్టం 7వ సెక్షన్ ప్రకారం, సప్తపది ఉన్న పెళ్లిలో ఏడో అడుగు పడినప్పుడే వివాహం పూర్తవుతుంది, కట్టుబాటవుతుంది. వీడియోలో ఈ ఏడడుగులు కోత లేకుండా రావాలని ముందే మాట తీసుకోండి.

పెళ్లయ్యాక నెత్తిన ఎండిపోయిన బెల్లం దువ్వెనతో లాగితే జుట్టు తెగుతుంది, నేరుగా షాంపూ వేస్తే జీలకర్ర నలక కుదుళ్లలోనే ఉండిపోతుంది. గోరువెచ్చటి నీళ్లు పోస్తూ బెల్లం పూర్తిగా కరిగేదాకా వేళ్లతో విడదీసి, ఆ తర్వాతే కుంకుడురసమో షాంపూయో పెట్టండి. మెడలోని పసుపుతాడు తడిసిన ప్రతిసారీ పొడిగుడ్డతో అద్దాలి. పదహారు రోజుల పండుగకు గొలుసులోకి మార్చేదాకా ముళ్లు వదులవుతున్నాయేమో రోజూ చూసుకోవాలి.