వంటగట్టు గ్రానైటుకు అంచు ఎలా ఎంచుకోవాలి?

రాయి రంగు కోసం రోజుల తరబడి తిరిగేవారు కూడా అంచు సంగతిని చివరి నిమిషంలో పనివారికే వదిలేస్తుంటారు. గిన్నెల దెబ్బలు తగిలేది, ఒలికిన నీరు జారేది అంచు మీదుగానే కాబట్టి, పలకను కోయించడానికి ముందే ఈ విషయం తేల్చుకోవాలి.

మొదట పలక మందం చూడండి. సాధారణంగా 20 లేదా 30 మిల్లీమీటర్ల పలకలు దొరుకుతాయి. 20 మిల్లీమీటర్ల పలక అంచు దళసరిగా కనిపించాలంటే, అడుగున అదే రాతి పట్టీని అతికించి 40 మిల్లీమీటర్లు చేయిస్తారు. సన్నని చుక్కల రాయిలో ఆ అతుకు దాదాపు కలిసిపోతుంది గానీ, పెద్ద చారలున్న రాయిలో చార అక్కడ తెగిపోయి, అతుకు బయటపడుతుంది.

తర్వాత వాడకాన్ని బట్టి ఆకారం నిర్ణయించుకోండి. పైమూల పదునుగా, పూర్తిగా నిటారుగా వదిలిన అంచుకు బరువైన పాత్ర తగిలితే పెచ్చు లేచే ప్రమాదం ఎక్కువ. అందుకే నిటారు అంచు కోరుకునేవారు కూడా పైమూలను రెండు మూడు మిల్లీమీటర్ల మేర అరగదీయించాలి. పైభాగం గుండ్రంగా, కిందిభాగం చదునుగా ఉండే హాఫ్ రౌండ్ నోజింగ్ దెబ్బలకు బాగా ఓర్చుకుంటుంది, అందులో నీరు కిందిమూల దగ్గరే తెగి నేల మీద పడుతుంది. పైనా కిందా గుండ్రంగా ఉండే ఫుల్ రౌండ్ అంచులో మాత్రం నీరు వంపు వెంట పలక అడుగుకు పాకి చెక్క అలమరాలను తడపగలదు. అది తప్పనిసరి అనుకుంటే, ముందుకు పొడుచుకొచ్చిన భాగం అడుగున నీటిగాడి, అంటే నీరు లోపలికి పాకకుండా అక్కడే తెగి పడేలా చేసే సన్నని గాడి, కోయించండి.

ఎస్ ఆకారపు ఓజీ మౌల్డింగ్ చూడముచ్చటగా ఉంటుంది. అయితే దాని లోపలి వంపులో జిడ్డు, పిండి చేరతాయి; రోజూ తుడిచే ఓపిక లేనివారికి నేనైతే దీన్ని సూచించను.

అంచు పనికి చాలాచోట్ల పొడవును బట్టి వెల కడతారు, వంపులు పెరిగితే కూలీ పెరుగుతుంది. గోడకు ఆనుకునే వైపులను లెక్కలోంచి తీసేయించండి.

చివరగా, మీరు ఎంచుకున్న రాతి ముక్క మీదే నమూనా అంచు చేయించి చూడండి. నల్లరాయిలో పాలిష్ సరిగా కుదరకపోతే పలక పైభాగం కంటే అంచు బూడిదరంగుగా తేలుతుంది, అది ఏటవాలు వెలుతురులో తెలిసిపోతుంది. సింకు కోత అంచును కూడా కొద్దిగా గుండ్రం చేయమని అప్పుడే చెప్పండి. గిన్నెలు ఎక్కువగా తగిలేది అక్కడే.