టెక్సాస్‌లో నిరుద్యోగ భృతి: దరఖాస్తు మొదలు ఉద్యోగాన్వేషణ చిట్టా వరకు

ఫ్రిస్కో, ఇర్వింగ్, ఆస్టిన్ వంటి చోట్ల లేఆఫ్‌కు గురైన మన తెలుగువారిలో చాలామంది ముందుగా రెజ్యూమే దిద్దుకుంటారు. నిరుద్యోగ భృతి సంగతి మాత్రం చేతిలో డబ్బు అడుగంటాక గానీ తలపెట్టరు. టెక్సాస్‌లో క్లెయిమ్ మీరు దరఖాస్తు పెట్టిన వారపు ఆదివారం నుంచి మొదలవుతుంది కాబట్టి, సంకోచిస్తూ గడిపిన వారాలు సాధారణంగా తిరిగి రావు. ఇది ప్రభుత్వం జాలితో ఇచ్చే సొమ్ము కాదు. యజమానులు చెల్లించే పన్నుతో నడిచే బీమా ఇది, అందుకోసం ఉద్యోగి జీతం నుంచి ఏమీ కోయరు. గ్రీన్ కార్డు దరఖాస్తుకు ఇది అడ్డవుతుందని భయపడేవారూ ఉన్నారు గానీ, సంపాదించుకున్న హక్కు కనుక దీన్ని పబ్లిక్ చార్జ్ (ప్రభుత్వ సాయం మీద ఆధారపడటం) కింద లెక్కించరు.

అయితే అమెరికాలో పనిచేసే అనుమతి మీకు ఉండి తీరాలి. పౌరులకు, గ్రీన్ కార్డు ఉన్నవారికి, చెల్లుబాటయ్యే ఈఏడీ (పని అనుమతి పత్రం) ఉన్నవారికి ఈ విషయంలో చిక్కు లేదు. హెచ్-1బీ వీసా అనుమతి ఒక్క యజమానికే ముడిపడి ఉంటుంది కాబట్టి, ఆ ఉద్యోగం పోయాక ‘పనికి అందుబాటులో ఉన్నాను’ అని చూపించడం కష్టమై చాలామందికి భృతి అందదు. అలాంటివారు, ఉద్యోగం పోయాక దేశంలో ఉండనిచ్చే గరిష్ఠంగా 60 రోజుల గ్రేస్ పీరియడ్‌లో కొత్త యజమానిని వెతుక్కోవడం మీదే దృష్టి పెట్టడం మంచిదని నా అభిప్రాయం.

దరఖాస్తును ఈ భృతి వ్యవహారాలు చూసే రాష్ట్ర సంస్థ అయిన టెక్సాస్ వర్క్‌ఫోర్స్ కమిషన్ వెబ్‌సైట్‌లో గానీ, వారి టెలి-సెంటర్‌కు ఫోన్ చేసి గానీ పెట్టవచ్చు. కూర్చునే ముందు సోషల్ సెక్యూరిటీ నంబరు, పౌరులు కానివారైతే ఏలియన్ రిజిస్ట్రేషన్ నంబరు, చివరి యజమాని పేరు, చిరునామా, ఫోన్ నంబరు, అక్కడ చేరిన తేదీ, మానిన తేదీ దగ్గర పెట్టుకోండి. కన్సల్టెన్సీ ద్వారా పనిచేసినవారు క్లయింటు పేరు రాసి పొరబడుతుంటారు; ఇక్కడ రాయవలసింది మీకు జీతమిచ్చి డబ్ల్యూ-2 (ఏడాది జీతం, పన్ను వివరాల ఫారం) జారీ చేసిన సంస్థ పేరు. ఉద్యోగం ఎందుకు పోయిందన్న ప్రశ్నకు జరిగింది జరిగినట్టు రాయండి. యజమానిని కూడా అదే ప్రశ్న అడుగుతారు కాబట్టి, రెండు జవాబులకూ పొంతన లేకపోతే విచారణ మొదలవుతుంది. పని లేక తొలగిస్తే అర్హత ఉంటుంది. పనికి సంబంధించిన బలమైన కారణం లేకుండా మీరే మానేసినా, దుష్ప్రవర్తన వల్ల తొలగించినా సాధారణంగా ఉండదు. సెవరెన్స్ సొమ్ము (ఉద్యోగం పోయినప్పుడు యజమాని ఇచ్చే పరిహారం) అందితే దాచకుండా చెప్పాలి, దానివల్ల భృతి కొన్ని వారాలు ఆలస్యం కావచ్చు. దావా వేయనని సంతకం చేసినందుకు ప్రతిఫలంగా ఇచ్చిన మొత్తాన్ని మాత్రం టెక్సాస్ చట్టం సెవరెన్స్‌గా పరిగణించదు కాబట్టి, ఆ ఒప్పంద పత్రాన్ని భద్రపరచుకోండి.

ఎంత వస్తుందన్నది పాత జీతాన్ని బట్టి ఉంటుంది. పూర్తయిన చివరి 5 త్రైమాసికాల్లో మొదటి నాలుగింటిని బేస్ పీరియడ్ అంటారు. 2025 మే నెలలో దరఖాస్తు పెట్టినవారికి అది 2024 జనవరి నుంచి డిసెంబరు వరకు. వాటిలో ఎక్కువ జీతం వచ్చిన త్రైమాసికపు మొత్తాన్ని 25తో భాగిస్తే వారపు భృతి తేలుతుంది. ఆ త్రైమాసికంలో 10,000 డాలర్లు వచ్చి ఉంటే వారానికి 400 డాలర్లన్నమాట. బేస్ పీరియడ్ మొత్తం జీతం వారపు భృతికి కనీసం 37 రెట్లు ఉండాలి, ఒకటికి మించిన త్రైమాసికాల్లో సంపాదన కనిపించాలి. వారపు భృతికి ఒక గరిష్ఠ పరిమితి ఉంటుంది కనుక, పెద్ద జీతాలవారు ఈ భాగహారం చూసి ఆశ పెంచుకోకూడదు.

దరఖాస్తు పెట్టిన 3 పనిదినాల్లోగా, ఉద్యోగాలు వెతుక్కునే రాష్ట్ర వేదిక అయిన వర్క్‌ఇన్‌టెక్సాస్ వెబ్‌సైట్‌లో నమోదు చేసుకోవాలి. ఆ తర్వాత రెండు వారాలకొకసారి పేమెంట్ రిక్వెస్ట్ పంపుతూ ఉండాలి. నిర్ణయం ఇంకా రాలేదనో, అప్పీలు నడుస్తోందనో మానేస్తే ఆ వారాల సొమ్ము చేజారుతుంది. చెల్లింపుకు అర్హమైన మొదటి వారాన్ని నిరీక్షణ వారంగా ఆపి ఉంచుతారు కాబట్టి ఆ డబ్బు రాలేదని కంగారు పడనక్కరలేదు. పార్ట్‌టైమ్ పని చేస్తే డబ్బు చేతికందిన వారంలో కాక, పని చేసిన వారంలోనే ఆ సంపాదన చూపించాలి. వారపు భృతిలో 25 శాతం వరకు సంపాదించినా కోత ఉండదు: 400 డాలర్ల భృతి ఉన్నవారు 150 సంపాదిస్తే, 25 శాతమైన 100 పోగా మిగిలిన 50 మాత్రమే కోసి, 350 ఇస్తారు.

వచ్చిన చిక్కంతా ఉద్యోగాన్వేషణ దగ్గరే. వారానికి కనీసం ఎన్ని ప్రయత్నాలు చేయాలో మీకు వచ్చే ఉత్తరంలో ఉంటుంది. ఆ సంఖ్య కౌంటీని బట్టి మారుతుంది, చాలాచోట్ల 3. వారమంటే ఆదివారం నుంచి శనివారం వరకు కాబట్టి, ఒకే వారంలో పదిహేను దరఖాస్తులు పంపి తరువాతి వారం ఊరుకుంటే ఆ రెండో వారం లెక్కకు రాదు. ఉద్యోగానికి దరఖాస్తు చేయడం, ఇంటర్వ్యూకు వెళ్లడం, జాబ్ ఫెయిర్‌కు హాజరు కావడం, వర్క్‌ఫోర్స్ సొల్యూషన్స్ అనే స్థానిక ఉపాధి కార్యాలయంలో జరిగే శిక్షణ తరగతిలో కూర్చోవడం వంటివి లెక్కలోకి వస్తాయి. మీ అర్హతకు ఏమాత్రం సరిపోని ఉద్యోగాలకు లెక్క కోసం దరఖాస్తు పెడితే అది నిజమైన ప్రయత్నం అనిపించుకోదు.

చిట్టా ఏ రోజుది ఆ రోజే రాయమని నేను గట్టిగా చెబుతాను. తేదీ, సంస్థ పేరు, ఉద్యోగం పేరు, ఏ విధంగా సంప్రదించారు, ఎవరితో మాట్లాడారు, ఏం జవాబు వచ్చింది అన్నవి ఒక నోటు పుస్తకంలోనో స్ప్రెడ్‌షీట్‌లోనో రాసి, ధ్రువీకరణ ఈమెయిళ్లను ఒక ఫోల్డరులో ఉంచండి. కమిషన్ ఆ చిట్టాను ఎప్పుడైనా అడగవచ్చు; రెండు నెలల కిందటి మంగళవారం ఏ రిక్రూటరుతో మాట్లాడామో అప్పుడు గుర్తు చేసుకోవడం ఎవరి తరమూ కాదు. లేని ప్రయత్నాలు రాయడం మోసం కిందికి వస్తుంది, తీసుకున్న సొమ్మును జరిమానాతో కలిపి తిరిగి కట్టించుకుంటారు.

భృతి మీద ఫెడరల్ ఆదాయపు పన్ను ఉంది. 10 శాతం ముందే పట్టుకోమని కోరితే మరుసటి ఏడాది, అందిన భృతి లెక్క చూపే 1099-జి ఫారం వచ్చినప్పుడు ఇబ్బంది పడరు.

దరఖాస్తును తిరస్కరిస్తే, నిర్ణయపు ఉత్తరం పంపిన తేదీ నుంచి 14 రోజుల్లో రాతపూర్వకంగా అప్పీలు చేసుకోవాలి. ఆ గడువు ఉత్తరం మీకు అందిన రోజు నుంచి కాక, దానిమీద అచ్చయిన తేదీ నుంచే మొదలవుతుంది. విచారణ సాధారణంగా ఫోన్‌లో జరుగుతుంది. ఇంగ్లీషులో తడబడతామనుకునేవారు దుబాసీ కావాలని అప్పీలులోనే రాయాలి, తొలగింపు ఉత్తరాన్నీ చిట్టా ప్రతినీ విచారణ తేదీకి ముందే పంపాలి.