సమగ్ర శిక్ష నిధులు: అడగాల్సింది సెప్టెంబరులో, మార్చిలో కాదు

శ్రీకాకుళం, విజయనగరం కలెక్టరేట్లలో సోమవారం గ్రీవెన్స్‌కి బడి అర్జీలూ వస్తుంటాయి. ప్రహరీ కూలింది, బోరు పాడైంది, ఆడపిల్లల మరుగుదొడ్డికి తలుపు లేదు అని. అర్జీ పెట్టడంలో తప్పేమీ లేదు. కానీ కేంద్రం నుంచి బడికొచ్చే డబ్బు అర్జీలను బట్టి రాదు. సెప్టెంబరు 30 నాటి పరిస్థితి ఇదీ అని కేంద్రం బడుల వివరాలు సేకరించే యూడైస్ ప్లస్ పోర్టల్‌లో హెచ్‌ఎం నింపిన అంకెలను బట్టి వస్తుంది. అసలు దరఖాస్తు అదే. దాన్ని ఏదో ఒక ఆన్‌లైన్ పని అనుకుని సాయంత్రం హడావుడిగా ముగించే బడి, మరుసటి ఏడాదంతా అర్జీలు రాసుకుంటూ కూర్చుంటుంది.

ముందు డబ్బు దారి తెలియాలి. సర్వశిక్షా అభియాన్ (ఎస్‌ఎస్‌ఏ), ఉన్నత పాఠశాలల ఆర్‌ఎంఎస్‌ఏ, ఉపాధ్యాయ విద్య పథకాలు మూడింటినీ కలిపి 2018లో సమగ్ర శిక్ష పెట్టారు. మన రాష్ట్రంలో ఖర్చులో 60 పాళ్లు కేంద్రానివి, 40 పాళ్లు రాష్ట్రానివి. బడులు నింపిన లెక్కల్లోంచి లోటు తీసి జిల్లా సమగ్ర శిక్ష కార్యాలయం వార్షిక ప్రణాళిక తయారు చేస్తుంది. జిల్లాల ప్రణాళికలన్నీ కలిపి రాష్ట్ర కార్యాలయం కేంద్రం ముందు పెడుతుంది. ఢిల్లీలో ప్రాజెక్ట్ ఆమోద మండలి, అంటే పీఏబీ, ఒక్కో పద్దు చూసి ఒప్పుకోవడమో కొట్టేయడమో చేస్తుంది. ఆ సమావేశాలు మామూలుగా ఆర్థిక సంవత్సరం మొదలయ్యే వేళకు అటూ ఇటూగా జరుగుతాయి. అంటే ఫిబ్రవరిలో మండల విద్యాధికారి (ఎంఈఓ) చేతికిచ్చిన ఉత్తరం ఎంత బాగా రాసినా బండి వెళ్లిపోయాక స్టేషనుకి చేరినట్టే.

యూడైస్‌లో ఎక్కడ పోతుంది

అన్నిటికన్నా ఎక్కువ నష్టం పరువు కోసం రాసే అంకెలతో. మరుగుదొడ్ల దగ్గర రెండు గళ్లుంటాయి: మొత్తం ఎన్ని, వాటిలో పనిచేస్తున్నవి ఎన్ని. నాలుగు ఉంటే నాలుగూ పనిచేస్తున్నాయని రాసేస్తారు. నీళ్లు రాక రెండింటికి తాళం వేసి ఉంటుంది. కాగితం మీద ఆ బడికి ఏ లోటూ లేదు కాబట్టి మరమ్మతుల జాబితాలో దాని పేరు ఉండదు. తరగతి గదులూ అంతే. బాగున్నవి, చిన్న మరమ్మతు కావలసినవి, పెద్ద మరమ్మతు కావలసినవి అని విడివిడిగా అడుగుతారు. శ్లాబు పెచ్చులూడి ఇనుప చువ్వ కనిపిస్తున్న గదిని ‘బాగుంది’లో వేస్తే, ఆ తర్వాత ఫొటోలు ఎన్ని పంపినా జిల్లా ఇంజినీరుకి దొరికే జవాబు ఒకటే: మీ డేటాలో లేదు.

నింపే ముందు రోజు కాగితం పట్టుకుని బడి చుట్టూ ఒకసారి తిరగండి. బడి యాజమాన్య కమిటీ సభ్యుల్లో ఇద్దరు తల్లుల్ని వెంట తీసుకెళ్లండి. ఏ కుళాయి వస్తుంది, ఏ తలుపుకి గడియ పడదు, ర్యాంపుకి పట్టుకునే కడ్డీ ఉందా, కరెంటు మీటరు తిరుగుతోందా అన్నవి చూసి అక్కడికక్కడే రాసుకోండి. తేదీ కనిపించేలా ఫొటోలు తీసి ఉంచండి. ఆ కాగితం చూసి నింపండి, కిందటేడాది నింపింది చూసి కాదు.

రెండో నష్టం పిల్లల సంఖ్యలో. బడి ఏడాది ఖర్చులకిచ్చే కాంపోజిట్ స్కూల్ గ్రాంట్‌కి బడి మొత్తం నమోదే కొలమానం. కేంద్ర మార్గదర్శకాల్లో శ్లాబులు ఇవీ: 30 మంది దాకా 10,000 రూపాయలు, 31 నుంచి 100 దాకా 25,000, 101 నుంచి 250 దాకా 50,000, 251 నుంచి 1,000 దాకా 75,000, ఆపైన లక్ష. 31వ పిల్లాడి వివరాలు సమయానికి ఎక్కకపోతే బడికి 15,000 తగ్గిపోతుంది. 101వ పిల్లైతే 25,000.

ఈ రెండు జిల్లాల్లో పిల్లల లెక్క తేలిక కాదు. తీరంలో మత్స్యకారుల ఇళ్లవాళ్లు గుజరాత్‌లోని వెరావల్‌కి వేటకి పోతారు. భవన నిర్మాణం పనికి హైదరాబాద్, చెన్నై వెళ్లే కుటుంబాలు పిల్లల్నీ వెంటబెట్టుకుపోతాయి. పిల్లాడు వెళ్లిపోతే పాత బడి వాడిని యూడైస్‌లోని డ్రాప్‌బాక్స్‌లోకి, అంటే బడి వదిలిన పిల్లల జాబితాలోకి, పంపాలి. కొత్త బడి వాడి శాశ్వత విద్యా సంఖ్య, పుట్టిన తేదీ వేసి అక్కడి నుంచి తీసుకోవాలి. పాత బడి వదలకపోతే కొత్త బడికి లెక్కలోకి రాడు. అలా ఇరుక్కున్న పిల్లలు మండలానికి పదుల్లో తేలడం వింత కాదు. కాబట్టి ఆగస్టులోనే హాజరు పట్టీ పక్కన యూడైస్ జాబితా పెట్టుకుని పేరు పేరునా సరిచూడండి. తేడా వచ్చిన పేర్లకి అవతలి బడి 11 అంకెల యూడైస్ కోడ్ కూడా కలిపి మండల రిసోర్స్ సెంటర్‌లో (ఎంఆర్‌సీ) డేటా చూసే ఎంఐఎస్ కోఆర్డినేటర్‌కి ఇవ్వండి. కోడ్ లేకుండా ‘మా పిల్లాడు రావడం లేదండీ’ అంటే వాళ్లూ చేయగలిగింది తక్కువ. శ్లాబు కోసం లేని పిల్లల్ని ఉంచుకునే పని మాత్రం పెట్టుకోవద్దు. పిల్లవారీ నమోదు వచ్చాక ఒకే పిల్లాడు రెండు చోట్ల కనిపిస్తే దొరికిపోతారు, పైగా మధ్యాహ్న భోజనం లెక్కతోనూ పోల్చి చూస్తారు.

మూడోది ప్రత్యేక అవసరాల పిల్లలు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తిస్తుంది. యూడైస్‌లో రకం సరిగ్గా ఎంచకపోతే ఆ పిల్లకి వచ్చేవేవీ రావు. వీరి కోసం తలకి ఏడాదికి 3,500 దాకా ప్రతిపాదించవచ్చు. ఆ డబ్బు బడికి రాదు. పరికరాలు, శిబిరాలు, ఈ పిల్లల కోసం నడిచే భవిత కేంద్రాల సేవల రూపంలో వస్తుంది. వీరిలో ఆడపిల్లలకి నెలకి 200 చొప్పున 10 నెలల స్టైపెండ్ మాత్రం నేరుగా ఖాతాలో పడుతుంది. ఖాతాకి ఆధార్ అనుసంధానం కాకపోతే వెనక్కి పోతుంది. మండలంలో ఈ పిల్లల్ని చూసే ప్రత్యేక టీచరు ఐఈఆర్‌టీని పిలిచి ఆ ఒక్క పేజీ వాళ్ల ఎదుటే నింపించుకోవడం మేలు.

కమిటీ ప్రణాళిక

విద్యాహక్కు చట్టం 22వ సెక్షన్ ప్రకారం పాఠశాల అభివృద్ధి ప్రణాళిక రాయాల్సింది యాజమాన్య కమిటీ. 21వ సెక్షన్ ప్రకారం ఆ కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులు, సగం మంది ఆడవాళ్లు ఉండాలి. డిసెంబరులోగా ప్రణాళిక ఎంఈఓకి చేరితే జిల్లా ప్రణాళికలోకి వెళ్లే వీలుంటుంది. పెద్ద పనులు, అంటే అదనపు గది, ప్రహరీ, పెద్ద మరమ్మతులు ఇందులోనే అడగాలి. కాంపోజిట్ గ్రాంట్‌తో గది కట్టరు.

తీర్మానంలో ‘బడికి సౌకర్యాలు కల్పించవలెను’ అని రాస్తే ఎవరికీ ఉపయోగం లేదు. ఇలా రాయండి:

‘మా బడిలో బాలికలు 46 మంది. మరుగుదొడ్లు 2, వాటిలో పనిచేస్తున్నది 1. రెండో దానికి తలుపు, నీటి పైపు లేవు. యూడైస్‌లో ఇదే నమోదు చేశాము. మరమ్మతు మంజూరు చేయవలసిందిగా తీర్మానించడమైనది.’

కింద సభ్యుల సంతకాలు, తేదీ, బడి యూడైస్ కోడ్. తీర్మానంలో అంకె, యూడైస్‌లో అంకె ఒకటే ఉండాలి. తేడా ఉంటే రెండూ నమ్మరు. అదే పని రాష్ట్రం ‘మనబడి నాడు–నేడు’ కింద ఇప్పటికే మంజూరై ఉంటే మళ్లీ ఇక్కడ అడగకండి. ఇంజినీరు రికార్డులో ఒకే గోడకి రెండు నిధులు కనిపిస్తే రెండూ ఆగుతాయి.

మండస, మెళియాపుట్టి వైపు కొండ ఊళ్ల బడులకి ఇంకో అవకాశం ఉంది. ప్రాథమిక బడి కిలోమీటరుకి, ప్రాథమికోన్నత బడి 3 కిలోమీటర్లకి మించి దూరంగా ఉంటే పిల్లాడికి ఏడాదికి 6,000 దాకా రవాణా భత్యం అడగవచ్చు. ఊరు, దూరం, పిల్లల పేర్లు జాబితాగా ఇవ్వాలి. దూరం నడక దారిలో కొలిచి రాయండి.

డబ్బు వచ్చాక

2021 నుంచి కేంద్ర పథకాల డబ్బు బడి ఖాతాలో కూర్చోవడం లేదు. రాష్ట్రంలో ఒకే నోడల్ ఖాతా ఉంటుంది. బడికి ఉండేది సున్నా నిల్వ ఖాతా, దానికో ఖర్చు పరిమితి. కేంద్ర చెల్లింపుల పోర్టల్ పీఎఫ్‌ఎంఎస్‌లో బిల్లు పెట్టినప్పుడే డబ్బు కదిలి నేరుగా దుకాణదారు ఖాతాకి పోతుంది. ఏడాది చివర మిగిలిన పరిమితి మీది కాదు. పాత ఎస్‌ఎస్‌ఏ రోజుల ఖాతాలో ఎక్కడైనా కొంత నిల్వ మూలుగుతుంటే వడ్డీతో సహా తిరిగి జమ చేసి ఖాతా మూయించండి. ఆడిట్‌లో ముందు అడిగేది అదే.

చెల్లింపు తిరిగి రావడానికి ఈ ప్రాంతంలో తరచూ కనిపించే కారణం పాత ఐఎఫ్‌ఎస్‌సీ. ఆంధ్రా బ్యాంక్ 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసింది. ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకు మన జిల్లాల శాఖలు 2025 మే 1 నుంచి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకులో భాగమయ్యాయి. హార్డ్‌వేర్ షాపాయన బల్ల సొరుగులోంచి తీసే పాస్‌బుక్ మీద మాత్రం పాత కోడే ఉంటుంది. ఇప్పటి కోడ్ బ్యాంకు ముద్రతో రాయించుకుని, ఖాతాదారు పేరు బిల్లు మీది పేరుతో కలుస్తుందో లేదో చూశాకే నమోదు చేయండి.

ఇంకో చిక్కు బదిలీలు. వేసవిలో హెచ్‌ఎం మారతారు, ఓటీపీ మాత్రం పాత సారు ఫోనుకే పోతుంటుంది. ఛార్జి అప్పగించే రోజునే లాగిన్, మొబైల్ నంబరు మార్పు కోరుతూ ఎంఈఓ ద్వారా జిల్లా కార్యాలయానికి ఉత్తరం పంపండి. క్యాష్ బుక్ చివరి అంకె, స్టాక్ రిజిస్టర్, వోచర్ల ఫైలు అప్పగింత జాబితాలో పేరు పేరునా ఉండాలి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయినప్పుడు శ్రీకాకుళం నుంచి విజయనగరానికి వచ్చిన రాజాం, వంగర, సంతకవిటి, రేగిడి ఆమదాలవలస మండలాల బడులు పాత ఫైళ్లు వెతికేటప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. అంతకు ముందు లెక్కలు శ్రీకాకుళం పేరు మీదే ఉంటాయి.

ఖర్చు ఎలా వేసుకోవాలో ఒక లెక్క. 48 మంది ఉన్న ప్రాథమిక బడికి 25,000. ఇందులో కనీసం 10 శాతం, అంటే 2,500, పరిశుభ్రతకే పెట్టాలి. ఫినాయిలు, బ్లీచింగ్, సబ్బులు, చీపుర్లు, బకెట్లు అందులోకి వస్తాయి. మిగతా 22,500లో మొదట కరెంటు బిల్లు బకాయి తీసి పక్కన పెట్టండి. ఈపీడీసీఎల్ సర్వీసు నంబరు బడి పేరు మీదే ఉందో లేదో చూసుకోండి. ఆ తర్వాత రిజిస్టర్లు, చాక్‌పీసులు, బోధన సామగ్రి, ఆపైన చిన్న మరమ్మతులు. మొత్తం ఒక్కసారే వస్తుందనుకుని పనులు ఒప్పుకోకండి. విడతలుగా రావడం మామూలే, రెండోది ఆలస్యం కావడం ఇంకా మామూలు. అందుకే తీర్మానంలో పనుల్ని అవసరం వరసలో 1, 2, 3 అని రాసుకుంటే వచ్చినంతలో పైనుంచి చేసుకుంటూ పోవచ్చు.

కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు, పూసపాటిరేగ, భోగాపురం లాంటి తీర మండలాల్లో ఇనుప తలుపులు, ఇనుప కుళాయిలు కొనకండి. ఉప్పుగాలికి తొందరగా తుప్పు పడతాయి. మరుగుదొడ్డికి పీవీసీ తలుపు, స్టీలు బందులు వేయించండి. పైకప్పు, కిటికీ మరమ్మతులు తుపాన్ల రోజులకి ముందే ముగించాలి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఉద్దానం మీద పడింది. ఆ నెలలు మనకి ఎప్పుడూ గండమే.

క్రీడల గ్రాంటు వేరుగా ఉంటుంది: ప్రాథమిక బడికి 5,000, ప్రాథమికోన్నతకి 10,000, ఉన్నత పాఠశాలకి 25,000 దాకా. గ్రంథాలయానిదీ వేరే పద్దు. ఒక పద్దు డబ్బు ఇంకో పద్దుకి వాడితే, వస్తువు బడిలోనే కళ్లెదుట ఉన్నా అభ్యంతరం తప్పదు.

ప్రతి కొనుగోలుకీ ఈ వరస తప్పకూడదు: కమిటీ తీర్మానం, కొటేషన్లు, షాపు పేరు తేదీ ఉన్న బిల్లు, స్టాక్ రిజిస్టర్‌లో నమోదు, బిల్లు వెనక రిజిస్టర్ పేజీ నంబరు, ఆ తర్వాతే చెల్లింపు. కొటేషన్లు ఎంత మొత్తం దాటితే కావాలో విడుదల ఉత్తర్వులోనే ఉంటుంది, చదవండి. ముగ్గురి కొటేషన్లూ ఒకే చేతిరాతలో ఉండటం ఆడిటర్లకి పాత జోకు. సొంత డబ్బు పెట్టి తర్వాత తమ ఖాతాకి వేసుకోవడం హెచ్‌ఎంలు మంచి మనసుతోనే చేస్తారు. కాగితం మీద అది అనుమానంగానే కనిపిస్తుంది. మార్చి ఆఖరి వారంలో సర్వర్ మొరాయిస్తుంది, పెట్టిన బిల్లులు ఆమోదం దగ్గర ఆగుతాయి. ఫిబ్రవరి నెలాఖరుకి బిల్లులన్నీ ఎక్కేలా చూసుకోండి.

వినియోగ ధ్రువపత్రంలో ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది, ఎంత మిగిలింది అన్న మూడు అంకెలు క్యాష్ బుక్‌తో రూపాయి తేడా లేకుండా కలవాలి. ఖర్చు కాకుండానే అయినట్టు రాసి ఇవ్వడం సోషల్ ఆడిట్‌లో నిలవదు. అక్కడ కాగితాన్ని కాదు, తల్లిదండ్రుల్ని అడుగుతారు.

పీఎం శ్రీ

ఇది మాత్రం నిజంగా దరఖాస్తు పెట్టుకునేది. ఎంపిక చేసిన బడులను ఆదర్శ బడులుగా తీర్చే ఈ పథకాన్ని 2022లో కేంద్ర మంత్రివర్గం 14,500కి పైగా బడుల కోసం ఆమోదించింది. పోర్టల్ తెరిచినప్పుడు బడి పోటీలో నిలబడాలి. మండలానికి గరిష్ఠంగా రెండు బడులు: ఒకటి ప్రాథమిక స్థాయిది, ఒకటి ఉన్నత పాఠశాల. పక్కా భవనం, ర్యాంపు, బాలబాలికలకి విడి మరుగుదొడ్లు, రాష్ట్ర సగటు కన్నా ఎక్కువ నమోదు ఉంటేనే లోపలికి రానిస్తారు. ఆ తర్వాత పల్లె బడికి కనీసం 60 శాతం, పట్టణ బడికి 70 శాతం మార్కులు రావాలి. తనిఖీకి మనుషులు వస్తారు.

ఇక్కడ అన్నీ బాగున్నాయని చూపాలి, మరమ్మతుల జాబితాలో బాగాలేవని చూపాలి కదా అని కొందరికి సందేహం. రెండు చోట్లా చూసేది ఒకే యూడైస్. రెండు ముఖాలు పెట్టే వీలు లేదు. ర్యాంపు ఒక్కటే తక్కువైతే ముందు దాన్ని కాంపోజిట్ గ్రాంట్‌లోంచో దాతల సాయంతోనో కట్టించి, ఆ ఏడు యూడైస్‌లో నమోదు చేసి, అప్పుడు పోటీకి వెళ్లండి.